ఒక డిస్క్ పోయిన సంగతి మీకు ఎవరు చెబుతారు?

సర్వర్లలో రెండు డిస్కుల మిర్రర్ (ఒకే డేటాని రెండిటి మీదా ఒకేసారి రాసే ఏర్పాటు) గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఈసారి తీసుకున్నాను. మొదటి జవాబు కాస్త పొడుగైంది. మిగతా ముగ్గురూ కూడా దాన్ని చదవాలి, వాళ్ల ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే ఉంది.

ప్రశ్న: మాది డయాగ్నస్టిక్ ల్యాబ్. రిపోర్టులు, ఎక్స్‌రేలు, స్కానింగ్ బొమ్మలు అన్నీ డెబియన్ లినక్స్ సర్వర్‌లో 4 టీబీ హార్డ్ డిస్క్ మీద ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ వేరే చిన్న ఎస్ఎస్‌డీ మీద ఉంది. ఇంకో 4 టీబీ డిస్క్ కొన్నాం, రెండిటినీ మిర్రర్ చేయాలి. మా అక్క కొడుకు బీటెక్ చదువుతున్నాడు, చేసిపెడతానంటున్నాడు. ఉన్న డేటా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏ క్రమంలో చేయమంటారు?
– ల్యాబ్ యజమాని, తెనాలి

జవాబు: మీ భయంలో అర్థం ఉందండీ. మిర్రర్ పెట్టబోయి డేటా పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే. డేటా ఉన్న పాత డిస్క్‌నీ, ఖాళీగా ఉన్న కొత్త డిస్క్‌నీ ఒకే కమాండ్‌లో ఇచ్చేస్తారు. లినక్స్‌లో ఈ పనికి వాడే ప్రోగ్రామ్ పేరు ఎండీఏడీఎం. అది ప్రతి డిస్క్ మీదా మొదట్లో తన గుర్తులు రాసుకుని, డేటాకి కేటాయించే చోటుని కొంచెం ముందుకు జరుపుతుంది. ఇక పాత ఫైల్ సిస్టమ్ (ఏ ఫైల్ ఎక్కడుందో చూపే అమరిక) ఉన్నచోట కనబడదు. కమాండ్ కొట్టగానే 'దీని మీద ఇప్పటికే ఫైల్ సిస్టమ్ ఉన్నట్టుంది, ముందుకు పోనా?' అని అది అడుగుతుంది. తొందరలో వై నొక్కేస్తారు. మీవాడికి ఇదొక్కటి గట్టిగా చెప్పండి: ఆ ప్రశ్న తెర మీద కనిపించిందంటే తప్పు డిస్క్ ఇచ్చినట్టే, అక్కడే ఆగిపోవాలి.

మిర్రర్ జోలికి పోకముందే ఇంకో యూఎస్‌బీ డిస్క్ తెచ్చి మొత్తం డేటా దాని మీదికి కాపీ తీసుకోండి. తర్వాత కొత్త డిస్క్‌కి డిస్క్ ఆరోగ్యం చూసే స్మార్ట్‌సీటీఎల్ ప్రోగ్రామ్‌తో లాంగ్ టెస్ట్ పెట్టండి. 4 టీబీకి చాలా గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పొద్దున చూసుకోవచ్చు. ఫలితాల్లో 5, 197, 198 నంబర్ల వరసలు చూడాలి. చెడిపోయి పక్కనబెట్టిన సెక్టార్లు (డేటా దాచే చిన్న గడులు), అనుమానంలో ఉన్నవి, చదవడానికి రానివి అక్కడ లెక్క కనబడతాయి. కొత్త డిస్క్‌లో ఆ మూడూ సున్నాలే ఉండాలి. ఒక్కటి ఉన్నా షాపుకి తిరిగి ఇచ్చేయండి, మొహమాటపడొద్దు.

పార్టిషన్ చేసేటప్పుడు (డిస్క్‌లో వాడుకునే చోటుకి హద్దులు గీసేటప్పుడు) చివర ఓ వంద ఎంబీ వదిలేయండి. రేపు ఒక డిస్క్ పోయి వేరే కంపెనీది తెస్తే, అది కూడా 4 టీబీయే అయినా నాలుగు సెక్టార్లు తక్కువున్నా మిర్రర్‌లో చేరదు. ఆ వంద ఎంబీ అప్పుడు అక్కరకొస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. మిర్రర్‌ని రెండు డిస్కులదిగానే తయారుచేయండి. ఒక డిస్క్ చోట కొత్తదాని పార్టిషన్ పేరు ఇచ్చి, రెండో డిస్క్ చోట మిస్సింగ్ అనే మాట రాయండి. ఒక కాలు మీద నిలబడే మిర్రర్ తయారవుతుంది. పాత డిస్క్‌ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి మీ డేటా మొత్తం అక్కడే భద్రంగా ఉంటుంది. కొత్త మిర్రర్ మీద ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ వేసి, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఆపి, ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో ఫైళ్లన్నీ కాపీ చేయండి. ఫైళ్ల యజమాని, అనుమతులు కూడా రావాలి, లేకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. కాపీ అయ్యాక అదే ఆర్‌సింక్‌ని చెక్‌సమ్ (డేటా నుంచి లెక్కగట్టే చిన్న గుర్తు సంఖ్య) పోల్చే ఆప్షన్‌తో మరోసారి నడిపితే ఏ ఫైలైనా తేడాగా ఉంటే బయటపడుతుంది. తర్వాత ఎఫ్‌స్టాబ్‌లో (సర్వర్ లేచినప్పుడు ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైల్‌లో) పాత డిస్క్ స్థానంలో మిర్రర్‌ని దాని యూయూఐడీతో, అంటే మారని గుర్తింపు సంఖ్యతో పెట్టి, ల్యాబ్‌ని మామూలుగా నడపండి.

కొన్ని రోజులు అలాగే నడవనివ్వండి. పాత రిపోర్టులు తీయండి, పాత ఎక్స్‌రేలు తెరవండి. అన్నీ సవ్యంగా ఉన్నాయని మీకు నమ్మకం కుదిరాకే పాత డిస్క్‌ని తుడిచి, అదే కొలతల్లో పార్టిషన్ చేసి, యాడ్ అనే ఆప్షన్‌తో మిర్రర్‌లో చేర్చండి. ఖాళీ డిస్క్ నుంచి నిండు డిస్క్ మీదికి కాపీ అయిపోతుందేమో అని చాలామంది అడుగుతారు. యాడ్ చేసినప్పుడు అలా జరగదు. పనిచేస్తున్న డిస్క్ నుంచి కొత్తగా వచ్చినదాని మీదికే పోతుంది.

ఈ దశలో ప్రాక్ ఫోల్డర్‌లో ఎండీస్టాట్ అనే ఫైల్ తెరిచి చూడమనండి. చిన్న ఫైలే, దాన్ని చదవడం మీరూ నేర్చుకోండి. చివర చదరపు బ్రాకెట్లలో ఒక యూ, పక్కన ఒక అండర్‌స్కోర్ ఉంటాయి. యూ అంటే డిస్క్ పనిలో ఉంది, అండర్‌స్కోర్ అంటే ఆ చోటు ఖాళీ. కింద రికవరీ ఎంత శాతం అయింది, ఇంకెన్ని నిమిషాలు పడుతుంది, ఏ వేగంతో సాగుతోంది అన్నవి ఉంటాయి. సెకనుకి 150 ఎంబీ చొప్పున పోయినా 4 టీబీకి ఏడు గంటలు దాటుతుంది. మీవాళ్లు పనిచేస్తుంటే అది తనే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. రెండు యూలు పక్కపక్కన కనిపిస్తే మిర్రర్ పూర్తయినట్టు. ఆ రోజే డీటైల్ స్కాన్ అనే ఆప్షన్ ఇచ్చే వివరాలు ఎండీఏడీఎం కాన్ఫిగరేషన్ ఫైల్‌లో చేర్చి, సర్వర్ లేచేటప్పుడు మొదట వాడుకునే ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌ని అప్‌డేట్ చేయండి. అది చేయకపోతే రీస్టార్ట్ తర్వాత మిర్రర్ ఎండీ127 అనే కొత్త పేరుతో రావచ్చు. ఎఫ్‌స్టాబ్‌లో యూయూఐడీ పెట్టమన్నది కూడా అందుకే.

ఇక్కడికి పని అయిపోయిందని చాలామంది చేతులు దులుపుకుంటారు. నా మటుకు నాకు మిర్రర్‌లో ముఖ్యమైన భాగం ఇక్కడే మొదలవుతుంది. ఒక డిస్క్ చచ్చిపోయినా సర్వర్ నడుస్తూనే ఉంటుంది. స్క్రీన్ మీద ఏమీ రాదు, వేగం కూడా పెద్దగా తగ్గదు. ఆ మౌనమే ప్రమాదం. మిర్రర్ పెట్టించుకుని ధీమాగా ఉన్న ఒక ఆఫీసుకి నన్ను పిలిచారు. రెండో డిస్క్ పోయాక! లాగ్ తీసి చూస్తే మొదటిది పోయి నెలలు దాటింది. ఆ నెలలన్నీ వాళ్లు ఒకే డిస్క్ మీద బతికారు, ఒక్కరికీ తెలియదు. నిజానికి ఎండీఏడీఎం తన పని తాను చేసింది, ఉత్తరం రాసింది. కానీ మామూలుగా అది రాసేది సర్వర్‌లోనే ఉండే రూట్ ఖాతా పెట్టెకి. దాన్ని తెరిచి చూసేవాళ్లు అక్కడ లేరు.

అందుకని కాన్ఫిగరేషన్ ఫైల్‌లో మెయిల్ అడ్రస్ వరసలో మీరు రోజూ చూసే మెయిల్ పెట్టించండి. సర్వర్ నుంచి బయటికి మెయిల్ పోయే ఏర్పాటు లేకపోతే అది కూడా చేయించండి. పక్కనే ప్రోగ్రామ్ అనే వరస ఉంటుంది, అందులో చిన్న స్క్రిప్ట్ పేరు ఇస్తే గొడవ వచ్చినప్పుడు అది నడుస్తుంది. రిసెప్షన్ కంప్యూటర్ మీద ఎర్ర బాక్స్ చూపించేలా రాయించండి. మెయిల్ చూడకపోయినా ఎర్ర బాక్స్ కనిపిస్తే కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి మీకు ఫోన్ చేస్తుంది. మానిటర్ కమాండ్‌కి టెస్ట్ అనే ఆప్షన్ ఉంది, కొడితే పరీక్ష మెయిల్ వస్తుంది. అది మీ ఫోన్‌కి వచ్చి మీరు చదివేదాకా మీవాడిని వదలొద్దు.

తర్వాత డిస్కుల మీద సీరియల్ నంబర్లు. లినక్స్ డిస్కులకి ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు రీస్టార్ట్‌కి మారిపోవచ్చు, వాటిని నమ్ముకోకూడదు. రెండు ట్రేల మీదా తెల్ల స్టిక్కర్ వేసి, సీరియల్‌లో చివరి నాలుగు అక్షరాలు లావు మార్కర్‌తో రాయండి. పాడైన డిస్క్ అనుకుని మంచిదాన్ని లాగేయడం ఈ వృత్తిలో అందరూ భయపడే ప్రమాదం. ఆ క్షణంలో చేతికి దారి చూపేది ఆ స్టిక్కరే.

ఆఖరున ఒక ఆదివారం రిహార్సల్ చేయండి. సర్వర్ ఆపి, ఒక డిస్క్ కేబుల్ తీసి, మళ్లీ ఆన్ చేయండి. రెండో డిస్క్ కోసం అర నిమిషం ఎదురుచూసి, ఒక్కదానితోనే లేస్తుంది. మెయిల్ వచ్చిందా? ఎర్ర బాక్స్ వచ్చిందా? ల్యాబ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుందా? అన్నీ చూశాక ఆపి, కేబుల్ పెట్టి, లేపండి. తీసి పెట్టిన డిస్క్ వెనకబడిపోయింది కాబట్టి దానంతటది చేరదు, మీరే మళ్లీ చేర్చాలి. ఇంటర్నల్ బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో డిస్కుల మీదే రాసుకునే పట్టిక) ఉంటే మధ్యలో మారిన భాగాలు మాత్రమే కాపీ అయి నిమిషాల్లో అయిపోతుంది. లేకపోతే మళ్లీ ఏడు గంటలు. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు కూడా ఆ బిట్‌మ్యాపే ఈ గంటల పని తప్పిస్తుంది, ఉందో లేదో చూడమనండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: రెండు యూలు కనబడేదాకా రెండో డిస్క్ కేబుల్ ముట్టుకోవద్దు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ ఒక సెక్టార్ చదవలేకపోతే నిమిషం పైగా మొండిగా ప్రయత్నిస్తుంది. లినక్స్ 30 సెకన్లే ఓపిక పడుతుంది. ఆ తేడాలో డిస్క్ మొత్తం పోయిందనుకుని మిర్రర్ నుంచి తోసేయొచ్చు. స్మార్ట్‌సీటీఎల్‌లోని ఎస్‌సీటీఈఆర్‌సీ ఆప్షన్‌తో ఆ ప్రయత్నాన్ని 7 సెకన్లకి కుదించవచ్చు. చాలా డిస్కులు కరెంటు తీసేస్తే ఈ సెట్టింగ్ మరిచిపోతాయి, సర్వర్ లేచినప్పుడల్లా నడిచే స్క్రిప్ట్‌లో పెట్టండి. డిస్క్ ఒప్పుకోకపోతే లినక్స్ ఓపికనే 180 సెకన్లకి పెంచండి.

ప్రశ్న: రెండు డిస్కులకి డబ్బు పెట్టి ఒకదాని చోటే వాడుకోవడం నాకు నచ్చడం లేదు. మూడు డిస్కులతో రెయిడ్ 5 పెడితే రెండింటి చోటు వస్తుందట కదా?
– రొయ్యల మేత డీలర్, భీమవరం

జవాబు: లెక్క నిజమే. ఈ బాధ మీ ఒక్కరిదే కాదు. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పరిశోధన పత్రంతోనే రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతులు) అనే పేరు వచ్చింది. మిర్రర్‌ని వాళ్లు మొదటి మెట్టుగా పెట్టి, అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి అన్నారు. దాని మీది మెట్లన్నీ ఆ ఖర్చు తగ్గించే దారులే.

కానీ మీ పని చూడండి. బిల్లులు, స్టాక్ పద్దులు, బాకీలు. అంటే రోజంతా చిన్నచిన్న రాతలు. రెయిడ్ 5లో ఒక చిన్న రాతకి పాత డేటా చదవాలి, పాత ప్యారిటీ (ఒక డిస్క్ పోతే దాని డేటాని మళ్లీ లెక్కగట్టడానికి దాచే అదనపు సమాచారం) చదవాలి, కొత్త డేటా రాయాలి, కొత్త ప్యారిటీ రాయాలి. నాలుగు పనులు. మిర్రర్‌లో రెండు రాతలతో సరి, రెండూ ఒకేసారి జరుగుతాయి. ఒక డిస్క్ పోయాక రెయిడ్ 5ని మళ్లీ కట్టాలంటే మిగిలిన అన్ని డిస్కుల్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి, మిర్రర్‌కి ఒక్కదాన్ని చదివితే చాలు. అన్నిటికీ మించి, మిర్రర్‌లో ప్రతి డిస్క్ మీదా పూర్తి డేటా ఉంటుంది. సర్వర్ కాలిపోయినా ఒక్క డిస్క్ తీసుకెళ్లి ఇంకో లినక్స్ కంప్యూటర్‌కి తగిలిస్తే మీ బాకీల పుస్తకం చేతికొస్తుంది. మీ స్థాయి ఆఫీసుకి నేను మిర్రరే చెబుతాను. అవసరానికి మించి పెద్ద డిస్కులు కొనకుండా ఉంటే ఖర్చు అక్కడే కలిసొస్తుంది.

ప్రశ్న: మాది ఫోటో స్టూడియో. పెళ్లి వీడియోలు దాచే విండోస్ కంప్యూటర్‌లో మదర్‌బోర్డ్‌లోనే రెయిడ్ ఉంది, బయాస్‌లోకి పోయి ఆన్ చేస్తే చాలంటున్నాడు షాపతను. చేయొచ్చా? డిస్కులు ఏవి కొనాలి?
– ఫోటోగ్రాఫర్, కరీంనగర్

జవాబు: చేయొద్దనే చెబుతాను. మదర్‌బోర్డ్ రెయిడ్‌లో పని చేసేది చాలావరకు డ్రైవర్ సాఫ్ట్‌వేరే. డిస్కుల మీది అమరిక మాత్రం ఆ చిప్ కంపెనీ పద్ధతిలో ఉంటుంది. బోర్డ్ కాలిపోతే అదే రకం బోర్డ్ కోసం వెతుక్కోవాలి. పెళ్లివాళ్లు ఆల్బమ్ ఎప్పుడిస్తావన్నా అని ఫోన్లు చేస్తుంటే ఆ వెతుకులాట నరకం. విడిగా కొనే రెయిడ్ కార్డ్‌కి కూడా ఈ బాధ ఉంది, అదే కంపెనీ కార్డ్ ఒకటి అదనంగా కొని అల్మారాలో పెట్టుకునే స్తోమత ఉంటే తప్ప మీకు అనవసరం.

విండోస్‌లోనే స్టోరేజ్ స్పేసెస్ అని ఉంది, అందులో టూ వే మిర్రర్ ఎంచుకోండి. కంప్యూటర్ పోయినా రెండు డిస్కుల్నీ ఇంకో విండోస్ మెషీన్‌కి పెడితే గుర్తుపడుతుంది. పూల్‌లో (స్టోరేజ్ స్పేసెస్ కలిపి వాడే డిస్కుల గుంపులో) చేర్చిన డిస్క్ మీద ముందున్నదంతా చెరిగిపోతుంది, అందుకని రెండూ ఖాళీ డిస్కులే ఇవ్వండి.

డిస్క్ కొనేటప్పుడు సీఎంఆర్ రకమా, ఎస్ఎంఆర్ రకమా అని అడగండి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు (డేటా రాసే వరసలు) పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒకటి మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. అప్పుడప్పుడు కాపీ చేసుకునే బ్యాకప్ డిస్క్‌గా బాగానే ఉంటుంది. మిర్రర్‌లో ఒకటి పోయి కొత్తది కట్టేటప్పుడు మాత్రం గంటలకి గంటలు రాయాలి, అక్కడ వేగం పడిపోతుంది. మీకు ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ కావాలి. షాపతనికి తెలియకపోతే మోడల్ నంబర్ రాసుకుని కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకుని, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి. కుదిరితే రెండు డిస్కుల్నీ వేర్వేరు షాపుల్లో, వేర్వేరు నెలల్లో తయారైనవి తీసుకోండి. ఒకే బ్యాచ్‌వి ఒకేలా అరిగి, దగ్గర దగ్గరగా పోయే అవకాశం ఉంది.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పాత తెలుగు పత్రికలు స్కాన్ చేసి సర్వర్‌లో పెడుతున్నాం. డిస్కులు మిర్రర్ చేశాం కాబట్టి బ్యాకప్‌కి వేరే డిస్క్ అక్కర్లేదని పైవాళ్లు అంటున్నారు. జెడ్‌ఎఫ్ఎస్ అనేది ఇంకా మంచిదని కూడా విన్నాను.
– లైబ్రరీ ఉద్యోగిని, వరంగల్

జవాబు: అమ్మా, మీరు చేస్తున్న పనికి ముందు నమస్కారం. ఆ పత్రికల్లో కొన్నిటికి మీ దగ్గరున్నదే ఆఖరి ప్రతి కావచ్చు, కాగితం ఎలాగూ పొడైపోతుంది. పైవాళ్లకి ఈ కింది మాటలు చూపించండి.

మిర్రర్ చేసే పని ఒక్కటే, ఒక డిస్క్ పాడైనప్పుడు సర్వర్ ఆగకుండా చూడటం. ఎవరైనా పొరపాటున 1950ల ఫోల్డర్ డిలీట్ చేస్తే అది రెండు డిస్కుల మీదా అదే క్షణంలో పోతుంది. రాన్సమ్‌వేర్ వచ్చి ఫైళ్లకి తాళం వేస్తే రెండు చోట్లా పడుతుంది. రెండు డిస్కులూ ఒకే పెట్టెలో, ఒకే పవర్ సప్లై మీద ఉన్నాయి. పిడుగు పడి కరెంటు లైన్ గుండా దెబ్బ తగిలితే రెండూ కలిసే పోవచ్చు. మిర్రర్‌తో ఇందులో ఒక్కదానికీ రక్షణ లేదు.

జెడ్‌ఎఫ్ఎస్ గురించి మీరు విన్నది నిజం. సన్ మైక్రోసిస్టమ్స్ తయారుచేసి 2005లో అందరికీ ఇచ్చిన ఫైల్ సిస్టమ్ ఇది. పైన తెనాలి ల్యాబ్‌కి చెప్పిన మిర్రర్‌లో ఒక లోటు ఉంది: రెండు కాపీలూ తేడాగా ఉన్నాయని అది కనిపెట్టగలదు కానీ ఏది సరైనదో దానికి తెలియదు. జెడ్‌ఎఫ్ఎస్ ప్రతి బ్లాక్‌కీ చెక్‌సమ్ దాచుకుంటుంది. చదివినప్పుడు లెక్క కుదరకపోతే రెండో డిస్క్ నుంచి మంచి కాపీ తెచ్చి పాడైనదాన్ని తనే సరిచేస్తుంది. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని స్కాన్లు తెలియకుండానే పాడయ్యే అవకాశం ఉంది, మీ లైబ్రరీకి ఈ గుణం చాలా విలువైనది. నెలకోసారి స్క్రబ్ పెడితే మొత్తం చదివి చూసుకుంటుంది. స్నాప్‌షాట్లు (ఒక సమయంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో దాచుకునే ప్రతులు) కూడా ఉన్నాయి, డిలీట్ చేసిన ఫోల్డర్ నిన్నటి స్నాప్‌షాట్ నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. ఇప్పుడున్న డిస్కుల్ని ఉన్నపళంగా జెడ్‌ఎఫ్ఎస్‌లోకి మార్చలేరు, అంతా తుడిచి కొత్తగా పెట్టాలి. అందుకని దానికన్నా ముందు బ్యాకప్ డిస్క్ కావాలి.

పైవాళ్లని రెండు యూఎస్‌బీ డిస్కులు అడగండి. ఒకటి కాలేజీలో, ఒకటి వేరే భవనంలో. వారం వారం మార్చండి, కాపీ అయిపోగానే కేబుల్ తీసేయండి. తగిలించి ఉన్న డిస్క్‌కి రాన్సమ్‌వేర్ కూడా, పిడుగు కూడా అందుతాయి. సర్వర్ కోసం అడిగిన కాగితంలోనే ఈ రెండు డిస్కుల ఖర్చు కూడా కలిపి రాసి ఉంటే ఈ గొడవ వచ్చేది కాదు, తర్వాతి ఇండెంట్‌లో తప్పక రాయండి. నెలకి ఒకసారి ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి, ఏదో ఒక సంచిక తెరిచి, పేజీలన్నీ వస్తున్నాయో లేదో చూసి, తేదీ రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టండి. మీ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చేవాళ్లు ఆ రిజిస్టర్ చూసే పని అందుకుంటారు.